ఒక్కరోజు తప్పితే అలవాటు పోదండీ

సంపాదకులకు నమస్కారం,

మొన్న ఆదివారం అనుబంధంలో ఏ అలవాటైనా 21 రోజులు వరసగా చేస్తే వచ్చేస్తుందని వేశారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. రాయడం మధ్యలో ఆగిపోయి మళ్ళీ మొదలెడదామనుకునే నాలాంటి వాళ్ళకి ఆ లెక్క చాలా చెరుపు చేస్తుంది, ఎందుకంటే ఐదోరోజు ఇంట్లో ఎవరికో బీపీ పెరిగి హాస్పిటల్‌కి పరిగెత్తామనుకోండి, అయ్యో మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలా అనిపించి నోట్‌బుక్ కాస్తా అటకెక్కుతుంది.

అసలు ఆ 21, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో వేసిన పుస్తకం నుంచి పాకింది. ఆపరేషన్ అయినవాళ్ళు తమ కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన గమనించారు, అంతే. తర్వాత యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన పరిశోధన 2010లో అచ్చయింది, అందులో సగటు 66 రోజులు తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా వచ్చింది. నాకు ధైర్యమిచ్చింది ఇంకోటి, మధ్యలో ఒక్కరోజు తప్పినా పెద్ద తేడా ఏం రాలేదట. అది కూడా పండు తినడం, మంచినీళ్ళు తాగడం లాంటి పనుల మీద చేసింది, మరి కథ రాయడానికి ఇంకెంత ఓపిక పట్టాలి!

పెళ్ళికి ముందు నా కథలు కొన్ని వారపత్రికల్లో వచ్చాయి. తర్వాత ఉద్యోగం, పిల్లల చదువులు, మంచాన పడ్డ మామగారు, ఇది ప్రతి ఇంట్లో ఉన్నదే. ఇప్పుడు మళ్ళీ రాస్తున్నా, కథ కాదు, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో ఎవరైనా దిగితే సీటు దొరికితే కూర్చుని, లేకపోతే నిలబడే, అమీర్‌పేట వచ్చేలోపు ఫోన్‌లో నాలుగు లైన్లు. పక్కన ఎవరో కూతురితో ఫోన్‌లో మాట్లాడిన తీరు, మార్కెట్లో గంప దించుతూ ఒకావిడ తిట్టిన తిట్టు, ఏదైనా సరే. దిగే స్టేషన్ వస్తే వాక్యం సగంలోనే వదిలేస్తా, మర్నాడు ఎక్కగానే దాన్ని పూర్తి చేయాలనిపిస్తుంది, ఖాళీ స్క్రీన్ చూసి భయపడే పని ఉండదు. పాత కథలు మాత్రం మొదట్లో తీసి చదవకండి, అప్పటిలా రావట్లేదే అని దిగులేసి ఇప్పుడు వచ్చేది కూడా ఆగిపోతుంది.

లైబ్రరీకి పోయి రాసుకుందామంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ అంతా గ్రూప్స్ పిల్లలే, వాళ్ళ కుర్చీలు లాక్కోమని నేననను, వాళ్ళ అవసరం పెద్దది. 1901లో మొదలైన, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయాల్లో సాయంత్రాలు రాసుకునేవాళ్ళ కోసం ఒక బల్ల వేస్తే ఎంత బాగుంటుందో. ఇంట్లో మనం రాసుకుంటుంటే ఖాళీగా ఉన్నామనుకుని పని చెప్తారు.

మీ పత్రిక చేయగలిగింది ఒకటుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనతో ఆగలేదు, రచనలు పంపమని అడిగారు, 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చి చూపించారు. పత్రిక అడిగింది కాబట్టి అంతమంది బయటికొచ్చారు. మీరూ అడగండి. నూటయాభై పదాల లోపు, కథే కానక్కర్లేదు, వారానికోసారి అరపేజీ, ఏ రోజులోపు పంపాలో ముందే చెప్పండి, గడువు ఉంటేనే మాలాంటి వాళ్ళం కూర్చుంటాం. అచ్చు వేయలేకపోయినా అందిందని ఒక మెసేజ్ పెట్టండి చాలు, వచ్చేవారం ఇంకోటి పంపుతాం.

ఇట్లు
ఒక పాఠకురాలు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్