గగన్ మహల్‌ను చూపించే ఏర్పాటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మే నెలలో మనవడినీ మనవరాలినీ వెంటబెట్టుకొని అనంతపురం నుంచి పెనుకొండకు వెళ్లి, విజయనగర రాజుల నాటి గగన్ మహల్ చూసి వచ్చాను. మేము చేరేసరికి పదకొండు దాటింది. ఆ వేళకు మన సీమ ఎండ ఎలా ఉంటుందో మీ పాఠకులకు చెప్పనక్కరలేదు. కమాను కిందికి అడుగు పెట్టగానే మనవడు గోడకు అరచేయి ఆనించి, "తాతా, గోడ చల్లగా ఉంది, ఇక్కడ ఏసీ పెట్టారా?" అని అడిగాడు. దళసరి గోడలు, వాటి మీది సున్నపు గచ్చు, ఒకవైపు నుంచి గాలి వచ్చి మరోవైపుకు పోయేలా వదిలిన కమానులు కలిసి ఆ చల్లదనాన్ని నిలుపుతున్నాయని నాకు తోచిన మాటల్లో చెప్పాను. ఆ తర్వాత మనవరాలు, "ఇక్కడ రాజు ఎక్కడ పడుకునేవాడు, వంట ఎక్కడ చేసేవాళ్లు?" అని అడిగినప్పుడు మాత్రం నా దగ్గర సమాధానం లేదు. చెప్పగలిగినవారు ఆ పూట అక్కడ ఎవరూ కనబడలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

పెనుకొండ మనకు చిన్న ఊరేమీ కాదు. ఘనగిరి అని పేరుపొందిన ఈ సీమను మొదటి బుక్కరాయలు తన కుమారునికి అప్పగించినట్లు ఇక్కడి శాసనం చెబుతోంది. ఎండాకాలం వచ్చిందంటే విజయనగర ప్రభువులు విడిది చేసిన చోటు ఇది. 1565లో దక్కను సుల్తానులతో జరిగిన రక్కసి తంగడి యుద్ధంలో, రాజ్యాన్ని నడిపిస్తున్న రామరాయలు చనిపోయాక తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు రాజుగా ఉన్న సదాశివరాయలను, చేతికందిన ధనాన్ని తీసుకొని ఇక్కడికే చేరాడు. వేసవి విడిదిగా వాడుకున్న ఊరే, హంపి పాడుబడిన రోజున, రాజ్యానికంతటికీ దిక్కైంది; రాజధాని చంద్రగిరికి తరలిపోయేవరకు ఇక్కడి నుంచే పాలన సాగింది. ఆ మహల్ కట్టడంలోనూ ఆ కాలం కనిపిస్తుంది. కింద సుల్తానుల భవనాలను తలపించే కోణాకారపు కమానులు, పైన గుడి శిఖరాన్ని పోలిన బురుజు. యుద్ధంలో ఎదురెదురుగా నిలిచినవారు ఇల్లు కట్టుకోవడంలో ఒకరి పని ఒకరు నేర్చుకున్నారనడానికి ఇంతకంటే మంచి పాఠం ఏ తరగతి గదిలో దొరుకుతుంది?

రెండేళ్ల కిందట సిమ్లా వెళ్లినప్పుడు మశోబ్రాలోని రాష్ట్రపతి నివాస్‌ను చూసే అవకాశం కలిగింది. 1850లో కట్టిన ఆ కొయ్య భవనంలో రాష్ట్రపతి ఇప్పటికీ వేసవిలో కొన్ని రోజులు గడుపుతారు. అయినా 2023 ఏప్రిల్ నుంచి దాన్ని సామాన్యుల కోసం తెరిచారు. మన బొల్లారంలోని రాష్ట్రపతి నిలయాన్ని కూడా ఆ ఏడాది ఉగాది నుంచే ఏడాది పొడవునా చూడనిస్తున్నారు. దేశాధినేత వచ్చి బస చేసే ఇంటినే, అంత కాపలా ఉండగా, టికెట్ కొనుక్కున్న ప్రతి కుటుంబానికీ చూపించగలుగుతున్నప్పుడు, రాజులు వెళ్లిపోయి నాలుగు వందల ఏళ్లు దాటిన మహల్‌ను మన పిల్లలకు అర్థమయ్యేలా చూపించడం అసాధ్యమని నేను నమ్మను.

పెనుకొండలోనే చదువుకున్న యువతీ యువకులు నలుగురికి శిక్షణ ఇచ్చి, సెలవు రోజుల్లోనైనా నియమిత వేళల్లో మహల్ దగ్గర ఉంచితే చాలా మేలు జరుగుతుంది. ఊళ్లో 365 గుళ్లు ఉండేవన్న మాట మొదలుకొని ఎన్నో సంగతులు వాళ్లు తాతల దగ్గర విన్నవే; చరిత్ర ఏదో, జనశ్రుతి ఏదో విడదీసి చెప్పడం నేర్పితే సరిపోతుంది. లేపాక్షి గుడి, బసవన్న 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కినప్పటి నుంచి అక్కడికి వచ్చే దూరప్రాంతాలవారిని పెనుకొండ వైపు కూడా తిప్పేలా సెలవుల్లో ఒక బస్సు నడపాలని కోరుతున్నాను. జిల్లాల విభజనలో పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లిందని అనంతపురంవాళ్లం దీన్ని మరిచిపోవడం కూడా సరికాదు. మా పాఠశాలల విహారయాత్రలకు సుమారు 70 కిలోమీటర్లు పెద్ద దూరం కాదు.

చూడడానికి వచ్చే మనకూ ఒక బాధ్యత ఉంది. మనవడు చేయి ఆనించిన చోటికి జానెడు దూరంలో ఎవరో మేకుతో రెండు పేర్లు గీకి, వాటి చుట్టూ హృదయం బొమ్మ వేశారు. గచ్చు పెచ్చు లేచి లోపలి సున్నం పిండిలా రాలుతోంది. అలాంటి చోట్ల సిమెంటు మెత్తడం తేలికగా కనిపిస్తుంది కానీ, సిమెంటు తేమను లోపలే బంధించి చుట్టూ ఉన్న సున్నాన్ని ఇంకా త్వరగా ఊడగొడుతుంది. ఏ మరమ్మతైనా పాత పద్ధతిలో, సున్నంతోనే జరగాలి. ఆ పని చేతులారా చేసిన పాతతరం మేస్త్రీలు మన పల్లెల్లో ఇంకా ఉన్నప్పుడే, వాళ్లను పిలిపించి, పక్కన ఇద్దరు కుర్రాళ్లను పెట్టి నేర్పించాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం