టైల్స్ సెలెక్షన్ తర్వాత చూద్దురుగాని, ముందు బాత్రూమ్‌లో నీళ్ళు నిలబెట్టి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం మీ ఇంటి పేజీలో బాత్రూమ్ డిజైన్లు వేశారు కదా, గ్లాస్ పార్టిషన్లు, గోడలో షాంపూలు పెట్టుకునే గూళ్ళు, పైన రెయిన్ షవర్, నిలువెత్తు మార్బుల్ లుక్ టైల్స్, ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ పేజీ మొత్తంలో వాటర్‌ప్రూఫింగ్, అంటే నీళ్ళు స్లాబ్‌లోకి దిగకుండా వేసే పూత, అన్న మాట ఒక్క చోట కూడా లేదు. నేను హైదరాబాద్‌లో ఇళ్ళ పనులు చేయించే సూపర్‌వైజర్‌ని, నాకొచ్చే ఫోన్లలో సగం పైన బాత్రూమ్ లీకేజీలే, అందుకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

జనం ఏమనుకుంటారంటే టైల్స్ వేసేశాం కదా ఇంక నీళ్ళు ఎక్కడికి పోతాయి అని. టైల్ నీళ్ళని ఆపుతుంది నిజమే, కానీ టైల్‌కి టైల్‌కి మధ్య జాయింట్ ఆపదు. రోజూ ఇంట్లో నలుగురు స్నానం చేస్తే ఆ సందుల్లోంచి కొంచెం కొంచెంగా నీళ్ళు దిగుతూనే ఉంటాయి, దిగినవి టైల్ కింద సిమెంట్ మాలులో చేరతాయి, అక్కణ్ణించి సంకెన్ అనే గుంటలోకి. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబ్‌ని తొమ్మిది అంగుళాలో అడుగో కిందకి దించి పోస్తారు, పైపులన్నీ అందులో పోనిచ్చి పైన ఇటుక ముక్కలూ ఇసుకా నింపేస్తారు. ఆ గుంటకి సరైన కోటింగ్ లేకపోతే అది నేల కింద ఉన్న నీళ్ళ తొట్టే. అది నిండటానికి టైం పడుతుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలీదు, ఏడాదో రెండేళ్ళో పోయాక కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ మీద పెయింట్ ఉబ్బుతుంది, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది, తర్వాత పెచ్చులూడి లోపల ఊచలు తుప్పు పట్టి కనపడతాయి. అప్పుడు పై వాళ్ళకీ కింది వాళ్ళకీ గొడవ, అసోసియేషన్ మీటింగ్‌లో పంచాయితీ, మాటలు కూడా మానేసినవాళ్ళని చూశాను.

ఈమధ్య నిజాంపేట వైపు ఒక ఫ్లాట్‌లో ఇలాగే పగలగొట్టాల్సొచ్చింది, కట్టి ఐదారేళ్ళే అయింది. షవర్ కింద టైల్‌ని ఉలితో లేపితే మాలు అంటుకోకుండా వెనక వైపు కంపెనీ గుర్తుతో సహా కొత్తదానిలా వచ్చేసింది, మధ్యలో నాలుగు ముద్దలు, చుట్టూ ఖాళీ. దాని కింద ఇసుక నల్లగా బురదైపోయి వాసన, ఇంకా తవ్వితే సిమెంట్ సంచుల ముక్కలు, చెక్క ముక్కలు, పాత టైల్ పెంకులు, అడుగున స్లాబ్ మీద చేతికి తగిలేంత నీళ్ళు. కోటింగ్ వేశారు, లేదనను, పెయింట్ లాగా ఒక్క చెయ్యి, అది కూడా నీళ్ళకి నానిపోయి, ట్రాప్ (నేల మీది నీళ్ళు పోయే జాలీ కింద ఉండేది) పైపు స్లాబ్‌లోంచి దిగే చోట చుట్టూ పగిలిపోయి ఉంది. ఆ పైపు చుట్టూ వేలు పట్టేంత సందు, అందులోంచే మొత్తం కిందకి. ఆ పైపు సందు పూడ్చి రెండు డబ్బాల కోటింగ్ సరిగ్గా వేసి ఉంటే సరిపోయేది, ఇప్పుడు టైల్స్, కమోడ్, గ్లాస్ అన్నీ తీసి మళ్ళీ మొదట్నించి. ఆ ఇంట్లో ఒక పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు, పని అయ్యేదాకా పక్క ఫ్లాట్ వాళ్ళ బాత్రూమ్‌కి వెళ్ళొచ్చారు పాపం.

దీనికి మేస్త్రిని ఒక్కణ్ణే అనడం నాకు ఇష్టం లేదు. టైల్స్ మేస్త్రికి అడుగు లెక్కన కూలి, ఎన్ని అడుగులు వేస్తే అంత, ప్లంబర్‌కి పాయింట్ లెక్క. ప్లంబర్ పైపులు పెట్టి వెళ్ళిపోతాడు, మేస్త్రి వచ్చి మాలు పోస్తాడు, ఈ ఇద్దరి మధ్యలో చెయ్యాల్సిన వాటర్‌ప్రూఫింగ్ ఎవరి పనీ కాదు. అడిగితే "మాలులో లిక్విడ్ కలిపాం సార్" అంటారు. లిక్విడ్ కలపడం మంచిదే కానీ అది మాలులోకి నీళ్ళు ఇంకడాన్ని కొంచెం తగ్గిస్తుంది అంతే, మాలు పగిలిందంటే ఆ పగులులోంచి నీళ్ళు పోతాయి, దాన్నే వాటర్‌ప్రూఫింగ్ అనుకుంటే మోసపోతాం.

సరిగ్గా ఎలా చెయ్యాలో రాస్తాను, కట్టుకునేవాళ్ళకి పనికొస్తుంది. ముందు గోడల్లో పోయే పైపులు, డైవర్టర్ (నీళ్ళని షవర్‌కో కుళాయికో మళ్ళించే వాల్వ్) అన్నీ బిగించాక, గోడ మూసెయ్యకముందే, ప్రెజర్ పంపు పెట్టి టెస్ట్ చేయించాలి, ఎందుకంటే గోడలో లీకైతే కింద ఎంత కోటింగ్ వేసినా దండగ. తర్వాత స్లాబ్ శుభ్రంగా ఊడ్చి కడిగి, పైపులు దిగే చోట చుట్టూ మామూలు సిమెంట్ కాకుండా ఆరాక కుంచించుకుపోని గ్రౌట్ (సందులు నింపే సిమెంట్ మిశ్రమం) పొయ్యాలి. గోడా నేలా కలిసే మూల పదునుగా వదలకూడదు, మాలుతో గుండ్రంగా తిప్పాలి, ఎందుకంటే పగులు మొదట వచ్చేది అక్కడే. ఆ మూలల్లోనూ పైపుల చుట్టూ ఫైబర్ మెష్ పట్టీ పెట్టి, పొడీ లిక్విడూ విడివిడిగా వచ్చి కలుపుకునే పాలిమర్ కోటింగ్ కనీసం రెండు చేతులు, మొదటిది నిలువుగా అయితే రెండోది అడ్డంగా, మధ్యలో డబ్బా మీద రాసిన గ్యాప్ ఇచ్చి వెయ్యాలి. సాయంత్రం ఒకటి వేసి వెంటనే దాని మీద ఇంకోటి పూసేసి పొద్దున్నే ఇసుక పోసేవాళ్ళున్నారు, అలా చెయ్యనివ్వకండి. సంకెన్ ఉంటే అడుగున ఒకసారి, నింపాక పైన టైల్ వేసే ముందు ఇంకోసారి, రెండు చోట్లా కోటింగ్ కావాలి. ఎత్తు విషయానికొస్తే మిగతా గోడలకి అడుగు చాలు, షవర్ ఉన్న గోడలకి మాత్రం ఏడు అడుగుల దాకా వెయ్యాలి, నీళ్ళు కొట్టేది ఆ గోడకే కదా. సంకెన్ నింపేదానికి బిల్డింగ్ చెత్త కాకుండా బరువు తక్కువ ఉండే మెటీరియల్ వాడితే స్లాబ్‌కీ మంచిది, అడుగున ఒక చిన్న డ్రెయిన్ పైపు పెట్టి బయట పైపులు దిగే షాఫ్ట్‌లోకి వదిలితే ఎప్పుడైనా నీళ్ళు చేరినా బయటికి పోతాయి, అక్కడ తడి కనపడితే పైన ఏదో తేడా ఉందని ముందే తెలుస్తుంది కూడా.

ఇప్పుడు అసలు విషయం. కోటింగ్ ఆరాక ట్రాప్ నోరు గట్టిగా మూసి, గుమ్మం దగ్గర చిన్న కట్ట కట్టి, రెండు అంగుళాల నీళ్ళు నింపి, గోడ మీద నీటి అంచుకి పెన్సిల్‌తో గీత గీసి, కనీసం 24 గంటలు, కుదిరితే 48 గంటలు కదపకుండా ఉంచాలి. మర్నాడు గీత కంటే ఎంత దిగిందో చూడాలి, ఆవిరై పోయేది కొంచెమే ఉంటుంది, అంతకంటే ఎక్కువ దిగితే ఎక్కడో పోతోందనే. కింది ఇంట్లోకి వెళ్ళి టార్చ్ వేసి సీలింగ్ మొత్తం, ముఖ్యంగా పైపులు దిగే చోట్లు చూడాలి. తడి కనపడితే అప్పుడు సరిచెయ్యడం ఒక్క రోజు పని, టైల్స్ వేశాక అయితే నెల పని. అమెరికాలో ఇల్లు కట్టుకునే మనవాళ్ళని అడగండి, అక్కడ చాలా చోట్ల షవర్ అడుగు భాగంలో నీళ్ళు నింపి ఇన్‌స్పెక్టర్‌కి చూపించాకే టైల్ వేస్తారు. ఇక్కడ ఇన్‌స్పెక్టర్ రాడు కాబట్టి ఇంటివాళ్ళే నిలబడి చూసుకోవాలి. టెస్ట్ అయ్యాక కూడా ఒక జాగ్రత్త ఉంది, ఆ కోటింగ్ మీద పార పెట్టి మాలు కలపనివ్వకూడదు, ఆఖర్న గ్లాస్ పార్టిషన్ వాళ్ళు వచ్చి నేలకి డ్రిల్ కొట్టనివ్వకూడదు, గ్లాస్ కింద గ్రానైట్ పట్టీ వేయించి అతికిస్తే సరిపోతుంది.

వాటం, అంటే నేల వాలు, గురించి కూడా చెప్పాలి. షవర్ దగ్గర అడుగుకి పావు అంగుళం చొప్పున ట్రాప్ వైపు వాటం ఉండాలి, పెద్ద టైల్స్ నాలుగు వైపుల వాటానికి ఒదగవు, అందుకని షవర్ నేలకి చిన్న యాంటీ స్కిడ్ టైల్స్ మంచివి, కాలు కూడా జారదు. గోడలో గూడు పెట్టించుకుంటే దాని అడుగు పలక కొంచెం బయటికి వాలి ఉండాలి, లేకపోతే సబ్బు నీళ్ళు అక్కడే నిలిచి గోడలోకి దిగుతాయి. విట్రిఫైడ్ టైల్ అర శాతం నీళ్ళు కూడా పీల్చదు, అందుకే సిమెంట్ పాలు దానికి పట్టుకోవు, టైల్ అడెసివ్ వాడాలి, బస్తా మీద ఐఎస్ 15477 అని ఉందో లేదో చూసుకోండి, పళ్ళున్న తాపీతో మొత్తం పరిచి వేయించండి, ముద్దలు ముద్దలుగా పెట్టొద్దు. అయ్యాక నాణెంతో కొట్టి చూస్తే డొల్ల ఉన్నచోట చప్పుడు తేడాగా వస్తుంది, ఆ టైల్ అప్పుడే మార్పించెయ్యాలి. జాయింట్ లేకుండా ఆనించి వేస్తే అందం అంటారు, నేను ఒప్పుకోను, టైల్స్ మధ్య ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టి రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి ఎపాక్సీ గ్రౌట్ నింపితేనే ఆ గ్రౌట్ నిలుస్తుంది, గోడా నేలా కలిసే మూలలో మాత్రం గ్రౌట్ కాదు సిలికాన్ సీలెంట్. బోరు నీళ్ళ తెల్ల మరకలకి మనవాళ్ళు బాత్రూమ్ యాసిడ్ పోసి రుద్దుతారు, మామూలు సిమెంట్ గ్రౌట్‌ని ఆ యాసిడ్ తినేస్తుంది, స్నానం అవగానే వైపర్‌తో గోడ లాగేస్తే అసలు ఆ మరకలే అంతగా పట్టవు.

కొత్త ఫ్లాట్ కొన్నవాళ్ళకి ఇంకో మాట. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్‌లో ఉంది, ఫ్లాట్ చేతికిచ్చిన రోజు నుంచి ఐదేళ్ళ లోపు పనితనంలో లోపం బయటపడి రాసిస్తే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగు చేసివ్వాలి. చాలామందికి ఇది తెలీక జేబులోంచి పెట్టుకుంటున్నారు. నోటితో చెప్పి ఊరుకోకుండా తేదీ వేసి మెయిల్ పెట్టండి, తడి మచ్చ ఫొటోలు దాచుకోండి. ఇంకా ఫ్లాట్ కట్టేటప్పుడే అయితే మీ బాత్రూమ్‌లో నీళ్ళు నిలిపే రోజు చెప్పమనండి, వెళ్ళి మీ కళ్ళతో చూసి ఆ గీత ఫొటో తీసుకోండి.

మీ పేజీలో ఈసారి బాత్రూమ్ గురించి వేసేటప్పుడు పూర్తయిన షవర్ ఫొటో పక్కనే, టైల్స్ వెయ్యకముందు కోటింగ్ మీద నీళ్ళు నిలబెట్టిన ఫొటో కూడా ఒకటి వెయ్యమని కోరుతున్నా. కావాలంటే మా సైట్‌కి ఫొటోగ్రాఫర్‌ని పంపండి, దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు
ఒక సైట్ సూపర్‌వైజర్, హైదరాబాద్