రొట్టె మానింది పిల్లలు కాదు

సంపాదకులకు,

"ఈ కాలం పిల్లలకు జొన్నరొట్టె గొంతు దిగదు, నూడుల్స్ అయితే లొట్టలేస్తారు" అని మా వయసువాళ్లు ఏ ఫంక్షన్‌లో కలిసినా అంటుంటారు. ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. పాలమూరు ఇళ్లలో జొన్న రవ్వతో వండే గట్క, రాగులతో కాచే తైదంబలి, సజ్జరొట్టె వెనక్కి పోవడం ఈ పిల్లలు పుట్టకముందే మొదలైంది. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం వచ్చాయి. తర్వాత బోర్ల కింద వరి పెరిగింది. వరన్నమే మర్యాద అయింది. చుట్టమొస్తే రొట్టెలు దాచి బియ్యం కడిగింది పెద్దలే. అందులో తప్పేముంది? ఏళ్ల తరబడి గట్కతో సరిపెట్టుకున్నవాళ్లకు తెల్లన్నం మీద ఆశ ఉండదా? నింద మాత్రం పిల్లల మీద వేయకండి.

సాయంత్రం రోడ్డు పక్కన రొట్టెలు చేసే అమ్మల దగ్గర చూడండి. వేడినీళ్లతో కలిపిన పిండిని అరచేత్తో చప్పుడయ్యేలా కొట్టి, పెనం మీద వేసి, పైన నీళ్లు అద్దుతుంటే బైకులాపి నిలబడేవాళ్లలో కుర్రాళ్లే ఎక్కువ. వాళ్లకు రుచి తెలుసు, చేయడమే రాదు. అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ ఇంట్లో నేర్పాలి.

2023 చిరుధాన్యాల సంవత్సరమని పోస్టర్లు చాలా చూశాం. ఇప్పుడు గురుకులాల్లో, హాస్టళ్లలో వారానికి ఒక్క పూటైనా జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) పప్పు పెట్టాలని, ఆ జొన్నలు మన జిల్లా రైతుల దగ్గరే కొనాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జడ్చర్ల