మూడు మీటర్ల దూరంలో నిలబడి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వీధి ఫొటోగ్రఫీ మీద వచ్చిన వ్యాసం చదివాను. మాలాంటి సరదా ఫొటోగ్రాఫర్ల కోసం ఒక పేజీ ఇచ్చినందుకు నిజంగా సంతోషం. కానీ కొత్తవాళ్లకి అందులో ఇచ్చిన మొదటి సలహా, అంటే దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే 70-200 ఎం.ఎం. లాంటి పెద్ద జూమ్ లెన్సు కొనుక్కోండి, దూరంగా నిలబడితే ఎవరూ గమనించరు, ఫొటోలు సహజంగా వస్తాయి అన్న మాట నాకు అస్సలు నచ్చలేదు.

నేను విజయనగరంలో ఇంట్లోనే ట్యూషన్లు చెప్తాను. తొమ్మిదేళ్లుగా ఆదివారం పొద్దున్నే కెమెరా పట్టుకుని గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట చుట్టుపక్కల వీధులు తిరుగుతున్నాను. మొదట్లో నేనూ జూమే కొన్నాను, 70-300. భయంతో కొన్నాను. ఎవరి ముందైనా కెమెరా ఎత్తాలంటే చేతులు వణికేవి, రోడ్డుకి ఇవతల నిలబడి అవతలివాళ్లని తీసేదాన్ని. ఏడాది తిరిగాక అన్నీ ఒకచోట పెట్టుకుని చూస్తే ఏముంది, మొహాలు, మొహాల వెనక మసక. బండి లేదు, తూకం లేదు, గోడ మీద పోస్టరు లేదు, అది విజయనగరమో విజయవాడో చెప్పడానికి ఒక్క ఆనవాలు లేదు.

ఆ మరుసటి ఏడాదే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను (పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) చూడ్డానికి వెళ్లిన మా అత్తయ్యకి ఎండలో బీపీ పడిపోయి, ఒక కొట్టు అరుగు మీద కళ్లు మూసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎవరో ఏ మేడ మీద నుంచో అది తీశారు. కొన్ని నెలల తర్వాత ఒక ప్రదర్శనలో ఆ ఫొటో నిలువెత్తున కనిపించింది, కింద ‘భక్తి పారవశ్యం’ అని రాసి ఉంది! ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య ఒకటే మాట అన్నారు, “అంతసేపు సూసినోడు ఒక గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వలేకపోయాడేటి?” తీసినతను చెడ్డవాడని నేను అనను. అంత దూరం నుంచి ఆమెకి ఏమయిందో అతనికి తెలిసే వీలే లేదు. ఆ రాత్రే జూమ్‌ని అల్మరాలో పెట్టేశాను.

తర్వాత సెకండ్ హ్యాండ్‌లో జూమ్ లేని ఒక 35 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు కొన్నాను (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్సులోకి అంత ఎక్కువ వెలుగు వస్తుంది). అరచేతిలో పట్టేంత చిన్నది. వ్యాసంలో చెప్పిన 70-200లో ఎఫ్ 2.8 రకమైతే కిలో నుంచి కిలోన్నర దాకా ఉంటుంది, అది మెడలో వేసుకుని సందులోకి వెళ్తే ఫొటో తీయకముందే అందరూ బిగుసుకుపోతారు. ఇక దూరం లెక్క చూడండి. నాలాంటి వాళ్ల దగ్గర ఉండే మామూలు క్రాప్ సెన్సార్ కెమెరా (లోపలి సెన్సార్ ఫిల్ము ఫ్రేము కంటే చిన్నగా ఉండేది) నిలువుగా పట్టుకుని 35తో ఒక మనిషిని నిలువెత్తుగా తీయాలంటే సుమారు మూడు మీటర్ల దూరంలో ఉండాలి. అదే ఫ్రేము 200తో కావాలంటే 17 మీటర్లు వెనక్కి వెళ్లాలి. మూడు మీటర్లంటే మాట వినపడుతుంది, కష్టమో సుఖమో తెలుస్తుంది, వద్దని చెయ్యి అడ్డం పెడితే కనపడుతుంది. అందుకే లెన్సు కొనేముందు మనుషులకి ఎంత దూరంలో నిలబడగలమో తేల్చుకోమంటాను.

వీధి ఫొటోలకి పేరుపడ్డ ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ ఎక్కువగా వాడింది 50 ఎం.ఎం. లెన్సే, అదీ 35 ఎం.ఎం. ఫిల్ము కెమెరా మీద (ఇక్కడ 35 అంటే ఫిల్ము వెడల్పు, లెన్సు కాదు). మన క్రాప్ కెమెరా మీద 35 లెన్సు పెడితే కోణం ఇంచుమించు అంతే వస్తుంది. కొత్తది కొనడానికి డబ్బుల్లేకపోతే కెమెరాతో వచ్చిన 18-55 జూమ్ లెన్సుని 35 దగ్గర పెట్టి, కదలకుండా టేపు ముక్క అంటించి నెల రోజులు అలాగే తిరగండి. అడుగులు ముందుకీ వెనక్కీ వేయడం తప్ప వేరే దారి ఉండదు, కన్ను అలా కుదురుతుంది. ఫోను అయితే ఇంకా వెడల్పు, ఇంకా దగ్గరికి వెళ్లాలి.

పగలు నేను ఎఫ్ 8 పెట్టి, మూడు మీటర్ల దూరంలో ఉన్న దేని మీదైనా ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చేస్తాను. రెండుంపావు మీటర్ల నుంచి దాదాపు అయిదు మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది, మళ్లీ ఫోకస్ టెన్షన్ ఉండదు.

చెప్పి తీస్తే పోజు పెడతారు కదా అని చాలామంది అంటారు. పెడతారు, రెండు నిమిషాలు. పోయిన చలికాలం మార్కెట్ దగ్గర తేగలమ్మే ఒక మామ్మని అడిగితే, “నన్నేటి తీస్తావమ్మా, ఆ కోటని తీసుకో” అని నవ్వి, కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఒకటి తీశాను. పక్కనే నిలబడి తేగలు కొన్నాను, ధరలు మాట్లాడుకున్నాం, ఈలోగా బేరాలొచ్చాయి, నన్ను మర్చిపోయింది. అప్పుడొచ్చింది అసలు ఫొటో. తేగల కట్టలు, కింద పరుచుకున్న యూరియా సంచి, తల వంచుకుని చిల్లర లెక్కపెడుతున్న మనవరాలు, అన్నీ ఉన్నాయి. వారం తర్వాత ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. వద్దన్నవాళ్లనీ చూశాను, దండం పెట్టి ముందుకెళ్లిపోతాను. పిల్లలైతే వాళ్ల అమ్మని అడగనిదే తీయను.

జూమ్ పనికిరాదని కాదు. సిరిమాను కొసన అంత ఎత్తులో కూర్చున్న పూజారిని తీయాలంటే అది కావాల్సిందే, దానికి నేనూ అల్మరాలోంచి తీస్తాను. కింద జనంలోకి దిగితే మాత్రం 35 చాలు. సిరిమానుకి ముందురోజు జరిగే తొలేళ్ల రాత్రి లైట్ల వెలుగులో ఎఫ్ 1.8 ఎంత ఆదుకుంటుందో తీసినవాళ్లకి తెలుసు.

మీకు ఒక విన్నపం. పాఠకుల ఫొటోల కింద కెమెరా, లెన్సు, ఐఎస్ఓ అన్నీ వేస్తున్నారు. ఇకనుంచి ఫొటోలో ఉన్న మనిషికి ఆ సంగతి తెలుసా లేదా అన్నది కూడా అడిగి, ఆ ఒక్క ముక్కా కింద వేయండి. దసరా తర్వాత మంగళవారం సిరిమాను ఫొటోలు మీకు కట్టలకొద్దీ వస్తాయి, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఒక పాఠకురాలు,
విజయనగరం