టీబీడీ అంటే టీబీ కాదండీ

సంపాదకుల వారికి,

మీ ఆరోగ్యం పేజీలో ‘టీబీడీతో జాగ్రత్త’ అన్న వ్యాసం వచ్చి తొమ్మిది రోజులైంది. ఆ రోజే రాద్దామనుకున్నాను. సవరణ వేస్తారేమో చూద్దామని ఆగాను. ఈలోగా గళ్ల నుడికట్టులో 14 నిలువు తప్పు పడిందని సవరణ వేశారు, సంతోషం. దీనికి మాత్రం వెయ్యలేదు. అందుకే ఈ ఉత్తరం.

వ్యాసంలో టీబీడీ అన్న మాట పదకొండు సార్లు ఉంది. పెన్సిల్‌తో గీతలు పెట్టి మరీ లెక్కపెట్టాను. దాన్ని విడమర్చింది ఒకే ఒక్క చోట, మూడో కాలమ్ అడుగున, ‘టిక్ బార్న్ డిసీజెస్’ అని. అంటే ఒంటికి కరుచుకుని నెత్తురు తాగే పిడుదుల వల్ల వచ్చే జబ్బులు. ఇంగ్లీషు వచ్చినవాళ్లకి ఆ విడమర్పు అక్కర్లేదు, రానివాళ్లకి అది ఎందుకూ కొరగాదు. మరి ఎవరి కోసం వేసినట్టు? పిడుదు అన్న మాట వ్యాసం మొత్తంలో ఒక్కసారి కూడా లేదు. పశువులున్న ఇంట్లో, కుక్క ఉన్న ఇంట్లో చిన్న పిల్లాణ్ణి అడిగినా పిడుదు అంటాడు, లేదా గోమారు అంటాడు. టిక్ అనడు.

మా అక్కయ్య మీ పేపర్ని మొదటి పేజీ నుంచి టెండర్ ప్రకటనల దాకా చదువుతుంది. ఆ వారమే ఆవిడ మనవడి చెవి వెనక పిడుదు ఒకటి కరుచుకుని ఉంటే లాగి పారేశారు. మీరు ఫొటో పెద్దది చేసి వేశారుగా, అది చూడగానే గుర్తుపట్టింది. ‘ఇది పిడుదు కదరా, టిక్ అంటారేమిటి’ అని కింద చదివింది. కింద ఏముంది? ‘ఇవి టీబీడీని వ్యాపింపజేస్తాయి’ అని ఉంది. టీబీ ఆవిడకి తెలుసు. ‘డీ’ అంటే డిసీజ్ అయి ఉంటుందని తనే పూరించుకుంది, పాపం అది కరెక్టే. ఇంకేముంది, పిడుదు కుడితే క్షయ వస్తుందని తేలిపోయింది. పిల్లాడికి గ్లాసు వేరు, తువ్వాలు వేరు. వాడు తుమ్మితే ఇల్లంతా టెన్షన్. (నిజంగా టీబీ ఉన్నా అది గ్లాసు వల్ల అంటదు, గాలి ద్వారా అంటుతుంది. అది ఇంకో రోజు ఇంకో ఉత్తరం.)

అన్నట్టు, మీ వ్యాసం దాన్ని ‘ఆరు కాళ్ల పురుగు’ అంది. మీరు వేసిన ఫొటోలోనే ఎనిమిది కాళ్లున్నాయి. అక్కయ్య లెక్కపెట్టింది. పిడుదు సాలీడు జాతికి చెందినది. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో ఆరు కాళ్లుంటాయి, ఆ తర్వాత ఎనిమిది. రాసినవాళ్లు చూడలేదు సరే, ఫొటో పెట్టినవాళ్లయినా చూడరా?

ఈ పొడి అక్షరాల మీద నాకింత కోపం ఎందుకంటే, 26 ఏళ్లు ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చుని డిశ్చార్జి సమ్మరీలు టైపు చేశాను. వాటితోనే బతికాను. ఒకసారి ఒక కుర్రాడు వాళ్ల నాన్న కాగితం పట్టుకుని మా కిటికీ దగ్గరికొచ్చాడు. ముఖంలో ఎంత నిశ్చింతో. ‘జబ్బు దొరికింది సార్, పీయూవో అంట. ఇది అంటుకునేదేనా?’ అన్నాడు. పీయూవో అంటే పైరెక్సియా ఆఫ్ అన్‌నోన్ ఆరిజిన్, కారణం తెలియని జ్వరం. చెప్పాను. కాసేపు కాగితం వంక, కాసేపు నా వంక చూసి ‘అంటే వాళ్లకీ తెలియదా? తెలియదు అని రాయొచ్చుగా సార్’ అన్నాడు. నేనేం చెప్పను?

నా తప్పు కూడా ఒకటి చెప్పేస్తాను. నడుము నొప్పితో చేరిన ఒక మగ మనిషి కాగితంలో పీఐడీ అని ఉంటే, విడమర్చి రాస్తే బాగుంటుందని ఉత్సాహపడి ‘పెల్విక్ ఇన్‌ఫ్లమేటరీ డిసీజ్’ అని కొట్టాను. అది ఆడవాళ్లకి గర్భసంచి, దాని నాళాల్లో వచ్చే ఇన్‌ఫెక్షన్. ఎముకల డాక్టరు ఉద్దేశం వెన్నుపూసల మధ్య డిస్క్ జారడం. ఆయన ఆ కాగితం పట్టుకుని వచ్చి నన్ను తిట్టిన తిట్లు పక్క వార్డులో వినపడ్డాయి. అవే మూడక్షరాలు, ఒక గదిలో ఒక జబ్బు, పక్క గదిలో ఇంకో జబ్బు. ఓడీ అని రాస్తే మందుల చీటీలో రోజుకొకసారి, కంటి డాక్టరు దగ్గర కుడి కన్ను, క్యాజువాలిటీలో మోతాదు మించి మింగిన కేసు. ఎస్ఓఎస్ అంటే లాటిన్‌లో ‘అవసరమైతే’ అని. అది ఓడ మునిగేటప్పుడు పంపే కేక అనుకుని, ప్రాణం మీదికొస్తేనే వేసుకోవాలని, నొప్పి మాత్ర ముట్టకుండా రాత్రంతా మూలిగిన మనుషులున్నారు.

నాదేదో చాదస్తం అనుకోకండి. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే ‘ఇవి వాడొద్దు’ అని ఒక జాబితా పెట్టింది. ఇన్సులిన్ యూనిట్లకి ‘యూ’ అన్న ఇంగ్లీషు అక్షరం రాస్తే అది సున్నాలా కనపడి, 4 యూనిట్లు కాస్తా 40 అయ్యే ప్రమాదం ఉందని. మోతాదు 1 అని రాయాల్సిన చోట చుక్క పెట్టి పక్కన సున్నా చేర్చకూడదని కూడా అందులోనే ఉంది. చుక్క కనపడకపోతే అది 10.

డాక్టర్లకైనా చేతిలో టైము లేదనే సాకుంది. మీకేముంది? స్థలం కలిసొస్తుందనా? అదీ చూద్దాం. ఇంగ్లీషులో నాలుగక్షరాలకి కుదిస్తే నిజంగానే చిన్నదవుతుంది. తెలుగులో ‘ఆర్‌ఎంఎస్‌ఎఫ్’ అని రాసి చూడండి, రైలు పెట్టెల్లా సాగుతుంది. ‘పిడుదు జ్వరం’ ఐదక్షరాల్లో అయిపోతుంది. ఆ నాలుగక్షరాల అసలు పేరు, పిడుదు తెచ్చే ‘రాకీ పర్వతాల మచ్చల జ్వరం’ అని ఒకసారి పూర్తిగా రాసి, తర్వాత ‘మచ్చల జ్వరం’ అనుకుంటూ పోతే మీ సొమ్మేం పోయింది?

అసలు ఘోరం రెండో పేరాలో ఉంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని కూడా ఇదే టీబీడీ గంపలో వేశారు, పైగా ‘నల్లి కాటుతో వచ్చేది’ అన్నారు. ఇంగ్లీషులో మైట్ అని ఉండుంటుంది. పంటల మీది మైట్‌ని వ్యవసాయం పేజీవాళ్లు ఎర్రనల్లి అంటారు కాబట్టి ఇక్కడా నల్లి అనేశారు. ఇంట్లో మనిషికి నల్లి అంటే మంచం నల్లి! మా వీధిలో రెండిళ్లవాళ్లు మంచాలు బయటికి తెచ్చి వేణ్నీళ్లు పోశారు, పరుపులు ఎండేశారు. మంచం నల్లికీ స్క్రబ్ టైఫస్‌కీ సంబంధం లేదు. దాన్ని తెచ్చేది పొదల్లో, గడ్డిలో ఉండే ఒక రకం మైట్ పిల్లపురుగు, కంటికి ఆనీ ఆననంత సూక్ష్మం. పిడుదు దానికి దూరపు చుట్టమే గానీ అది వేరు, ఇది వేరు. ఇక చివరి పేరాకొచ్చేసరికి టైఫస్ కాస్తా ‘టైఫాయిడ్’ అయిపోయింది. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చేది. టైఫస్‌లా ఉంది అని దానికా పేరు పెట్టారు, అంతే. ఒక్క వ్యాసంలో పిడుదు, మైట్, నల్లి, కలుషిత నీళ్లు అన్నీ ఒకే జ్వరంలో కలిసిపోయాయి.

పేరుదేముంది అంటారేమో. స్క్రబ్ టైఫస్‌లో కుట్టిన చోట చాలామందికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. అది చంకలోనో గజ్జల్లోనో ఉంటుంది, ఎవరూ చూసుకోరు. డాక్టరు ‘పురుగేమైనా కుట్టిందా’ అని అడుగుతాడు. పిడుదు కుట్టినవాడిదీ ఇదే కథ. వాడి దృష్టిలో పిడుదు పురుగు కాదు, పిడుదే. పైగా అది కుట్టినప్పుడు నొప్పి తెలియదు. ‘లేదండీ’ అంటాడు. స్క్రబ్ టైఫస్‌కైనా, మచ్చల జ్వరానికైనా మొదట్లోనే డాక్సీసైక్లిన్ అనే మందు పడితే తగ్గేది ముదిరిపోతుంది.

లైమ్ వ్యాధి అని పెట్టె కట్టి వేశారు. పక్కింటాయన ‘లైమ్ అంటే సున్నం కదా, సున్నం వల్ల వస్తుందా’ అని అడిగాడు. లైమ్ అనేది అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఊరని, 1970లలో అక్కడి పిల్లలకి కీళ్లు వాచిపోతుంటే ఆరా తీశారని, 1980ల మొదట్లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త దాని బాక్టీరియాని పిడుదుల్లో పట్టుకున్నాడని ఒక్క ముక్క రాస్తే ఆయనకి ఆ అనుమానమే రాదు. కేఎఫ్‌డీ, అంటే క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్, సంగతీ అంతే. అది కర్ణాటకలో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు వరసగా చచ్చిపడుతుంటే బయటపడ్డ జ్వరం. అక్కడి జనం దాన్ని ‘మంగన కాయిలె’, కోతి జబ్బు, అనుకున్నారు. తెచ్చేది పిడుదు, నింద కోతికి. కానీ వాళ్ల భాషలో వాళ్లకో మాట ఉంది, అడవిలో కోతి చచ్చి పడుంటే అటు వెళ్లకూడదని అందరికీ తెలుసు. కేఎఫ్‌డీ అంటే ఎవరు ఆగుతారు?

అధికారుల గురించి చెప్పుకుంటే ఈ కాగితం చాలదు. ఆ మధ్య ఇంటింటికీ పంచిన కరపత్రంలో ‘వీబీడీ నివారణకు ఐఈసీ’ అని ఉంది. (వీబీడీ అంటే దోమలూ పురుగులూ తెచ్చే జబ్బులు, ఐఈసీ అంటే వాటి గురించి జనానికి తెలియజెప్పడం.) అచ్చయ్యేముందు ఎవరూ దాన్ని పైకి చదవలేదని నా నమ్మకం. పూర్వం మీ డెస్కులో ఇలాంటి మాట వస్తే తిప్పి పంపేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు పీడీఎఫ్‌లో ఏముంటే పేజీలో అదే.

అంత స్థలం వాడుకుని అసలు చెప్పాల్సింది వదిలేశారు. పిడుదు పట్టుకుంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగాలి. అగ్గిపుల్లతో కాల్చకూడదు, కిరోసిన్ పొయ్యకూడదు. చేతులు, కుట్టిన చోటు సబ్బుతో కడుక్కోవాలి. ఆ తర్వాత కొన్ని వారాల్లో జ్వరం గానీ ఒంటిమీద దద్దు గానీ వస్తే డాక్టరు అడక్కపోయినా ‘నాకు పిడుదు కుట్టింది’ అని చెప్పాలి. ఇంతే కదా, నాలుగు వాక్యాలు.

దయచేసి సవరణ వెయ్యండి. పొడి అక్షరాలు లేకుండా, పిడుదు అన్న మాటతో. అక్కయ్యకి నేను వారం నుంచి చెబుతూనే ఉన్నాను, అది టీబీ కాదని. ‘పేపర్లో వేశారు, నీకెక్కువ తెలుసా’ అంటోంది. పిల్లాడి గ్లాసు ఇంకా వేరుగానే ఉంది.

ఇట్లు,
ఒక పాత టైపిస్టు