ఈసారి మా నర్సరీకి వచ్చే స్ట్రాబెర్రీ మొక్కలు, రానివి

స్ట్రాబెర్రీ మొక్కల బుకింగు ఎప్పుడని అడుగుతున్న వారందరికీ ఒకేసారి జవాబు: సెప్టెంబరు చివరి వారంలో మొదలవుతుంది. అక్టోబరులో ఎండ తగ్గాక మహాబలేశ్వరం నుంచి మొక్కలు హైదరాబాదు చేరతాయి. అయితే మీలో ఎక్కువ మంది అడిగిన 'ఏడాది పొడవునా కాసే రకం' మాత్రం తేవడం లేదు. తెస్తే చేతికందినంత వేగంగా అమ్ముడవుతుందని తెలిసే ఈ మాట రాస్తున్నాను.

ఈ కోరిక ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియనిది కాదు. వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లినవారు అక్కడి పెరట్లో జూన్ నుంచి చలి ముదిరేదాకా కాస్తూనే ఉన్న మొక్కను చూస్తారు. తిరిగి రాగానే ఫోనులో ఫొటో చూపించి, "ఆల్బియన్ అట అన్నా, ఇదే తెప్పించండి" అంటారు. ఆ మొక్కా నిజమే, ఆ కాపూ నిజమే. కాకపోతే అది అక్కడి వాతావరణానికి దొరికిన పరిష్కారం.

మామూలు స్ట్రాబెర్రీ పగలు కురచై, చల్లబడితేనే పూమొగ్గ కడుతుంది. చలి దేశాల్లో వేసవి పగళ్లు మరీ పొడవు కాబట్టి వాటికి ఏటా ఒక్క విడతే కాపు. ఆ ఇబ్బంది దాటడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు యూటాలోని వసాచ్ కొండల అడవి స్ట్రాబెర్రీని సాగు రకాలతో సంకరం చేశారు. ఆ అడవి మొక్కకు పగలు ఎంత పొడవన్నది పట్టదు. అలా 1979లో తొలి డే న్యూట్రల్ రకాలు, అంటే పగటి పొడవుతో పని లేకుండా పూసేవి, వచ్చాయి. మేరీల్యాండ్ నుంచి 1981లో వచ్చిన ట్రైస్టార్, ట్రిబ్యూట్, ఆ తర్వాతి సీస్కేప్, ఆల్బియన్, శాన్ ఆండ్రియాస్ కూడా ఈ కోవలోనివే. క్వినాల్ట్, ఓజార్క్ బ్యూటీ లాంటి పాత ఎవర్‌బేరింగ్ (ఏటా ఒకటికి మించి కాసే) రకాలు వేరు. అవి వేసవి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కాస్తాయి. దుకాణాల్లో మాత్రం రెండింటికీ ఎవర్‌బేరింగ్ అనే ఒకటే చీటీ.

మన హైదరాబాదులో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు పదమూడు గంటల పైచిలుకు, అంతే. అంటే అక్కడివారిని వేధించిన పొడవాటి పగళ్ల సమస్య మనకు లేనే లేదు. మనకున్నది ఎండ. డే న్యూట్రల్ రకాలకు పగటితో పేచీ లేదు కానీ వేడితో ఉంది. ముప్పై డిగ్రీలు దాటే ఎండలు వరసగా కాస్తే అవీ పూత ఆపేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మేడమీద మొక్కను బతికించుకుంటేనే గొప్ప. షేడ్ నెట్ కింద పెట్టినా ఆకులు ఉంటాయేమో కానీ పండు ఉండదు. పైగా ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి పట్టుకుంటుంది. కాలిఫోర్నియా తీరంలో నడివేసవిలోనూ సముద్రం మీది చల్లగాలి వీస్తుంది. ఆల్బియన్ అలాంటి చోటు కోసం పుట్టిన మొక్క. ఇక్కడికి తెచ్చినా అది ఇచ్చేది చలికాలపు కాపే. ధర మాత్రం ఎక్కువ, ఎందుకంటే ఈ రకాలు తీగలు తక్కువగా వేస్తాయి, పిల్ల మొక్కలు తక్కువగా దొరుకుతాయి. అదే చలికాలపు కాపుకు రెండింతలు పుచ్చుకోవడం నాకు నచ్చలేదు.

ఒక సరఫరాదారు మామూలు మొక్కలకే ఎవర్‌బేరింగ్ చీటీలు కట్టి పంపుతానన్నాడు. పూత రాకముందు ఆకు చూసి ఎవరూ పట్టుకోలేరట. ఆ మాట నిజమే, అందుకే వద్దన్నాను.

కాబట్టి మా దగ్గర ఉండేవి వింటర్ డాన్, స్వీట్ చార్లీ, కొద్దిగా కామరోసా. మొదటి రెండూ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రకాలు, వెచ్చటి చలికాలానికి అలవాటు పడ్డవి. నన్నడిగితే కుండీకి స్వీట్ చార్లీయే. పండు మెత్తన, లారీ ప్రయాణానికి ఆగదు, అందుకే వ్యాపారులు మొహం చిట్లిస్తారు. మీ పండు మేడమీది నుంచి నోటిదాకా వస్తే చాలు కదా! బాగా పండి, తొడిమ దగ్గర కూడా ఎరుపెక్కాక కోయండి. వింటర్ డాన్ పండు కాస్త గట్టిది. ఫ్రిజ్‌లో దాచుకునేవారికి అది మేలు.

చల్లటి కొండ ప్రాంతాలైన లంబసింగి, అరకు వైపు తోటలున్నవారు, కూనూరులో ఇల్లున్నవారు అడిగితే మాత్రం ఆల్బియన్ ఆర్డరు మీద తెప్పిస్తాను. అక్కడ ప్రయత్నించదగ్గదే, వానాకాలంలో పండు మీద బూజు తెగులు వస్తుందని తెలిసి పెట్టుకుంటే. నీలం రంగు స్ట్రాబెర్రీ విత్తనాల పొట్లాల గురించి దయచేసి అడగవద్దు. అలాంటి పండు లేదు.

నాటేటప్పుడు కొత్త ఆకు మొలిచే మొదలు మట్టికి సరిగ్గా సమంగా ఉండాలి. పూడితే కుళ్లుతుంది, పైకి తేలితే వేరు ఎండుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే కాలనీలవారు వాన నీళ్లు పట్టి ఉంచుకోండి. ఈ మొక్క ఉప్పును అసలు ఓర్చుకోదు, ఆకుల అంచులు గోధుమ రంగుకు మాడడం మొదలైతే కారణం చాలాసార్లు అదే. నీటిని శుద్ధి చేసే యంత్రం బయటికి వదిలే నీళ్లు అసలే పోయకండి.

ఈ ఏడాది పార్సెల్ పంపడం లేదు. దారిలో మొక్క వాడిపోతే మీకూ నాకూ నష్టమే. బుక్ చేసుకున్నవారు సాయంత్రం పూట వచ్చి తీసుకెళ్లి, ఆ రాత్రికే నాటండి.