రిక్రూటర్ల మీద మీ కోపమంతా నాకు చెప్పినందుకు థాంక్స్

టెక్నికల్ రిక్రూటర్‌గా, అంటే కంపెనీకి ఇంజనీర్లను వెతికి తెచ్చే ఉద్యోగానికి, ఆఫర్ వచ్చింది. పెద్ద కంపెనీయే. పేరు ఇక్కడ రాయను, జాయినయ్యాక ప్రొఫైల్‌లో ఎలాగూ కనబడుతుంది. ఇంటర్వ్యూలకు తయారవుతూ మీలో చాలామందిని ఒకటే అడిగాను: "రిక్రూటర్లు చేసే పనుల్లో మీకు ఒళ్లు మండించేది ఏది?" ఎవరూ మొహమాటపడలేదు. ప్రశ్నలూ జవాబులూ ఉన్న పీడీఎఫ్‌లు పంపినవాళ్లకు కూడా థాంక్స్. కానీ ఇంటర్వ్యూలో అక్కరకొచ్చింది మాత్రం మీ తిట్లే.

ముందుగా సర్వర్ వైపు కోడ్ రాసే మా బ్యాకెండ్ అక్కకి థాంక్స్. పేరు రాయొద్దంది, రాయట్లేదు. స్క్రీన్ షేర్ పెట్టి తన ఇన్‌బాక్స్ తెరిచి చూపించింది. జావా రాసే మనిషికి వేరే భాష అయిన జావాస్క్రిప్ట్‌లో ఫ్రంటెండ్ (స్క్రీన్ మీద కనబడే భాగం) ఉద్యోగాలు, డేటా సైంటిస్ట్ ఉద్యోగాలు. "నా ప్రొఫైల్‌లో మొదటి లైను చదివినా ఇవి పంపరు కదా! ఏ టీమ్, ఏం కడుతున్నారు, జీతం ఎంత నుంచి ఎంత వరకు, ఆఫీసుకి రావాలా వద్దా, ఇవి రాయి చాలు. గొప్ప అవకాశం అని మొదలుపెట్టావంటే అక్కడే డిలీట్ చేస్తా" అంది.

జావా వచ్చినవాళ్లు కావాలంటే ప్రొఫైల్ సెర్చ్‌లో 'జావా నాట్ జావాస్క్రిప్ట్' అని, అంటే జావాస్క్రిప్ట్ ఉన్నవాళ్లను తీసేసి వెతకమని చాలాచోట్ల చెప్తారు. అక్క దానికి నవ్వింది. మామూలుగా సెర్చ్ మాటని పూర్తి మాటగానే చూస్తుంది, జావా అని కొడితే జావాస్క్రిప్ట్ దానంతటది రాదు. పైగా ఆ 'నాట్' పెడితే రెండూ వచ్చిన ఫుల్ స్టాక్ వాళ్లంతా జాబితాలోంచి ఎగిరిపోతారు. తీసేయడం కన్నా కలపడం నేర్చుకోమంది. ఒకే పనికి చోటుకో పేరుంటుంది: సైట్లు ఆగకుండా నడిచేలా చూసే సైట్ రిలయబిలిటీ ఇంజనీర్ అనే పేరు 2003లో గూగుల్‌లో మొదలైంది. మెటాలో చాలావరకు అదే పని చేసేవాళ్లు ప్రొడక్షన్ ఇంజనీర్లు. ఇంకోచోట డెవాప్స్ ఇంజనీర్ అంటారు. మూడు పేర్ల మధ్యా 'ఆర్' (వీటిలో ఏదున్నా సరే అని) పెట్టకపోతే సరైన మనిషే కనబడడు. మనుషుల్ని వెతికి చూపించే సోర్సింగ్ రౌండ్‌లో నాకు సరిగ్గా ఈ ఉద్యోగమే ఇచ్చి, వాళ్ల కళ్లముందే వెతకమన్నారు. అక్కా, ఆ క్షణంలో మీరు గుర్తొచ్చారు.

తర్వాత మా మేనేజర్ అన్న. నా కోసం మొండి హైరింగ్ మేనేజర్ (తన టీమ్‌కి మనుషుల్ని అడిగే మేనేజర్) వేషం కట్టాడు. మామూలు మొండితనం కాదు! "ముగ్గురు కావాలి. ఈ టూల్స్ అన్నీ వచ్చి ఉండాలి. రెండు వారాల్లో కావాలి." నేను సరే సార్ అని తలూపుతుంటే కాల్ ఆపి, ఫాస్ట్‌ఏపీఐ అనే పైథాన్ టూల్ సంగతి చెప్పాడు. దాన్ని తయారుచేసిన సెబాస్టియన్ రమీరెజ్ 2020లో ఒక ట్వీట్ పెట్టాడు: ఒక ఉద్యోగ ప్రకటనలో ఫాస్ట్‌ఏపీఐలో నాలుగేళ్లకు పైగా అనుభవం అడిగారట, అది పుట్టి అప్పటికి ఏడాదిన్నరే! మేనేజర్ చెప్పినదాన్ని రిక్రూటర్ ప్రశ్నించకుండా రాసుకుపోతే వచ్చేది ఇలాంటి జేడీలే (ఉద్యోగ వివరాలే) అన్నాడు.

ఎదురు చెప్పాలంటే ముందు లెక్క ఉండాలని వెనక నుంచి ముందుకి వేయించాడు. అంకెలు ఊహించుకున్నవే. ఆఫర్ ఇచ్చిన నలుగురిలో ముగ్గురు ఒప్పుకుంటారనుకో, ముగ్గురు చేరాలంటే 4 ఆఫర్లు ఇవ్వాలి. ఫైనల్‌కి వచ్చిన నలుగురిలో ఒకరు పాసైతే ఫైనల్‌కి 16 మంది రావాలి. స్క్రీనింగ్ కాల్ నుంచి సగం మందే పైకి వెళ్తే 32 కాల్స్. మెసేజ్ పంపిన ఐదుగురిలో ఒకరు కాల్‌కి ఒప్పుకుంటే 160 మెసేజ్‌లు. "రెండు వారాల్లో మీ ప్యానెల్ పదహారు ఫైనల్స్ తీసుకోగలదా సార్?" అని అడుగు, గొడవ అక్కడే తేలిపోతుంది అన్నాడు. నిజం ఇంటర్వ్యూలో నా ఎదురుగా కూర్చున్న మేనేజర్ వేరే దారిలో వచ్చింది: "క్యాండిడేట్ బాగానే ఉన్నాడు, ఇంకో రెండు రౌండ్లు పెడదాం." గూగుల్ తన పాత ఇంటర్వ్యూలను లెక్కగట్టి చూసుకుంటే నాలుగు ఇంటర్వ్యూలతోనే 86 శాతం నమ్మకంతో నిర్ణయం తీసుకోవచ్చని తేలిన సంగతి చెప్పి, "ఇప్పటిదాకా తేలనిది ఏమిటో చెప్తే దానికి ఒక్క రౌండ్ పెట్టిస్తాను" అన్నాను. ఆమె నోట్స్ రాసుకుంది. ఆ మాట నాది కాదు, మా మేనేజర్ అన్నది.

చివరి రౌండ్ దాకా వెళ్లాక కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేకుండా పోయిన ఫ్రెండ్‌కి కూడా. "వద్దంటే వద్దని చెప్పమను, అంతే" అన్నావు చూడు. 'రిజెక్ట్ చేసిన క్యాండిడేట్‌తో ఎలా మాట్లాడతారు' అన్న ప్రశ్నకు ఆ మాట నుంచే జవాబు మొదలుపెట్టాను.

ఇంటర్వ్యూలో జవాబులు స్టార్ పద్ధతిలో చెప్పమని అందరూ అన్నారు. సిచ్యువేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. మంచి సలహానే, కాకపోతే మొదటి రెండింటిలోనే సగం టైం అయిపోతుంది, ఇంటర్వ్యూ చేసేవాళ్లు వినాలనుకునేది మూడోది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి "కథ ఆపు, నువ్వేం చేశావో చెప్పు" అని నన్ను విసిగించిన మా పాత కొలీగ్‌కి అందుకే ప్రత్యేకంగా థాంక్స్.

ఆ కంపెనీ రిక్రూటర్ గారికీ. ఏ రౌండ్‌లో ఎవరుంటారో, ఏం అడుగుతారో ముందే చెప్పారు, ఫలితం చెప్తానన్న రోజుకే చెప్పారు.

ఇలాంటి ఇంటర్వ్యూలకు ఎవరైనా తయారవుతుంటే మెసేజ్ చేయండి. మొండి మేనేజర్ వేషం నేను కడతాను. మేనేజర్ అన్న కట్టినంత బాగా రాదేమో గానీ, రెండు వారాల్లో ముగ్గురు కావాలని గట్టిగానే అడుగుతాను.